దండయాత్రా పటం (యుద్ధక్రీడ)

దండయాత్రా పటం అనగా బల్లమీద చిన్న బొమ్మల సేనలతో ఆడే యుద్ధక్రీడలలో, విడివిడి పోరాటాలను ఒకే దండయాత్రగా కలిపేందుకు వాడే పటం. యుద్ధక్రీడను ఆంగ్ల నామమైన వార్‌గేమ్ అనే పేరుతో కూడా వ్యవహరిస్తారు. బల్లమీద జరిగేది ఒక పూట పోరాటం. పటం మీద జరిగేది నెలల తరబడి సాగే ప్రయాణం. ఏ సేన ఏ దారిన నడచినది, ఏ నది వద్ద ఆగినది, ఎన్ని రోజుల తిండితో యుద్ధభూమికి చేరినది అన్న విషయాలను పటమే నిర్ణయిస్తుంది. అందువలన ప్రాచీన కాలపు యుద్ధక్రీడలో పటం అలంకారం కాదు. అది ఆ కాలపు భూగోళం గురించి, చరిత్ర గురించి తయారీదారు చేసే ప్రతిపాదన.

ఈ వ్యాసంలో పటం తయారీ పద్ధతులు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల ప్రాచీన చరిత్ర నుండి తీసుకున్న ఉదాహరణలతో వివరించబడినవి. అవి హైదరాబాదులోని మలక్‌పేట పరిసరాలనుండి మొదలయ్యే మూసీ లోయ, హాథీగుంఫా శాసనంలోని ఖారవేలుని పశ్చిమ దండయాత్ర, ప్రయాగ స్తంభ శాసనంలోని సముద్రగుప్తుని దక్షిణాపథ దండయాత్ర.

== చరిత్ర ==

యుద్ధాన్ని ఆటగా మార్చే ఆలోచన భారతదేశంలో ప్రాచీనమైనది. రథ, గజ, తురగ, పదాతి దళాలతో కూడిన చతురంగం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. తెలుగు నాట గుడి అరుగుల మీద, బండల మీద గీసి ఆడే పులిజూదం మరొక ఉదాహరణ. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే రూపంలో రెండు పక్షాల బలం సమానం కాదు, గెలుపు సూత్రం కూడా ఒకటి కాదు. పులి మేకను దాటి చంపితే గెలుస్తుంది. మేకలు పులిని కదలనీయకుండా చుట్టుముట్టి గెలుస్తాయి. గీతలు కలిసిన చోటనే పావు నిలువవలెను, గీత ఉన్న దారిలోనే కదలవలెను. ఈ లక్షణాలన్నీ నేటి దండయాత్రా పటాలలో కనిపిస్తాయి.

ఐరోపాలో 1780లో బ్రన్స్‌విక్‌కు చెందిన హెల్విగ్ చదరంగాన్ని విస్తరించి, భూమి స్వరూపాన్ని చూపే గళ్ళతో యుద్ధక్రీడను రూపొందించినాడు. ప్రష్యాకు చెందిన రైస్‌విట్జ్ 1812లో రాజు మూడవ ఫ్రెడరిక్ విలియంకు ఒక యుద్ధక్రీడా బల్లను సమర్పించినాడు. ఆయన కుమారుడు 1824లో ప్రచురించిన క్రీగ్స్‌ష్పీల్ నియమావళి గళ్ళను వదలి, 1:8000 స్కేలులో గీసిన నిజమైన భూపటాలను వాడినది. పక్షాలకు శత్రువు కదలికలు కనబడకుండా మధ్యవర్తి నడిపించే పద్ధతి కూడా ఇందులో స్థిరపడినది.

బొమ్మల సేనల ఆటను సామాన్య పాఠకుల వద్దకు తెచ్చిన గ్రంథాలలో హెచ్.జి.వెల్స్ 1913లో వ్రాసిన లిటిల్ వార్స్ ముఖ్యమైనది. ప్రాచీన కాలపు యుద్ధక్రీడకు బ్రిటన్‌లో టోనీ బాత్ ఆద్యులలో ఒకడు. 1965లో సొసైటీ ఆఫ్ ఏన్షియంట్స్ అను సంస్థను స్థాపించినాడు. హైబోరియా అనే కల్పిత ఖండం పటం మీద ఆయన నడిపిన దీర్ఘకాలపు దండయాత్ర ఈ రంగంలో ప్రసిద్ధం. ఆ అనుభవంతో దండయాత్రల ఏర్పాటు గురించి ఆయన వ్రాసిన గ్రంథం 1973లో వెలువడినది. అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ 1954లో టాక్టిక్స్ అనే పటం ఆటను ప్రచురించినాడు. 1961 నాటి గెటిస్‌బర్గ్ ఆట కూర్పుతో ఆరు భుజాల గళ్ళు వాడుకలోకి వచ్చినవి. 1990లో వెలువడిన డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్ నియమావళి ఒక్కొక్క సేనను పన్నెండు దళాలకు కుదించి, చిన్న పటంతో దండయాత్ర నడిపే వీలు కల్పించినది.

== పటాలలో రకాలు ==

దండయాత్రా పటాలు ముఖ్యంగా మూడు రకాలు.

* స్థాన-మార్గ పటం: పట్టణాలు, రేవులు, కనుమలు చుక్కలుగాను, వాటిని కలిపే దారులు గీతలుగాను ఉంటాయి. పులిజూదం పటం కూడా ఈ కోవకు చెందినదే. దారులు తక్కువగా ఉండి అడవులు, కొండలు ఎక్కువగా ఉన్న ప్రాచీన దక్కనుకు ఇది బాగా నప్పుతుంది. దారి లేని చోట పెద్ద సేన నడవలేదన్న సంగతి వేరే నియమం లేకుండానే పటంలో ఇమిడిపోతుంది.
* ప్రాంత పటం: భూమిని రాజ్యాలుగా, విషయాలుగా విభజించి రంగులు వేస్తారు. సులభంగా అర్థమవుతుంది. కాని ఇది ప్రాచీన రాజ్యాలకు నేటి దేశాల వలె గీత గీసిన సరిహద్దులు ఉండేవన్న భ్రమ కలిగిస్తుంది.
* షట్కోణ గళ్ళ పటం: భూమి అంతటినీ సమానమైన ఆరు భుజాల గళ్ళుగా విభజిస్తారు. దూరాల లెక్క తేలిక. అయితే దారి ఉన్న చోటు, లేని చోటు ఒకేలా కనబడకుండా ప్రతి గడికీ నేల స్వభావాన్ని వేరుగా వ్రాయవలసి ఉంటుంది.

అనుభవజ్ఞులు రెండు పద్ధతులను కలుపుతారు. విశాలమైన దండయాత్రకు స్థాన-మార్గ పటాన్ని, రెండు సేనలు ఎదురుపడిన చోట చిన్న గళ్ళ పటాన్ని, ఆ తరువాత బొమ్మల బల్లను వాడుతారు.

== స్కేలు, దూరం, కాలం ==

పటం గీయుటకు ముందు తేల్చవలసినది ఒక రోజు నడక ఎంత అన్న విషయం. కౌటిల్యునిదిగా చెప్పబడే అర్థశాస్త్రం సేన రోజుకు ఒక యోజనం నడచుట అధమమని, ఒకటిన్నర మధ్యమమని, రెండు ఉత్తమమని చెబుతుంది. యోజనం విలువను పండితులు 7 కి.మీ. మొదలు 14 కి.మీ. వరకు వేర్వేరుగా లెక్కగట్టినారు. ఈ వ్యాసంలోని ఉదాహరణలకు రోజుకు 15 కి.మీ. అనే సగటు తీసుకోబడినది. దారి వంకరల కొరకు సూటి దూరానికి ఐదవ వంతు కలుపబడినది. ఈ రెండూ ఆట కొరకు చేసుకున్న ఊహలు. ఎవరైనా వీటిని మార్చుకొనవచ్చును, కాని ఏ ఊహ చేసినదీ పటం అంచున వ్రాయుట మంచిది.

కళింగం నుండి కాంచీపురం వరకు ఉత్తర దక్షిణాలుగా సుమారు 830 కి.మీ. ఉంటుంది. 1 సెం.మీ.కు 10 కి.మీ. చొప్పున గీస్తే తీరాంధ్రం, తెలంగాణ, దక్షిణ కళింగం, ఉత్తర తమిళదేశం ఒక 90 సెం.మీ. చదరపు కాగితంలో ఇముడుతాయి. అప్పుడు రోజు నడక పటం మీద ఒకటిన్నర సెంటీమీటరు అవుతుంది.

తరువాత తేల్చవలసినది ఋతువు. అర్థశాస్త్రం దీర్ఘకాలం పట్టే దండయాత్రకు మార్గశిరంలోను, మధ్యకాలపు దానికి చైత్రంలోను, స్వల్పకాలపు దానికి జ్యేష్ఠంలోను బయలుదేరమంటుంది. మార్గశిరం నాటికి వానలు తగ్గి, ఖరీఫు పంట ఇండ్లకు చేరుతుంది. ఆటలో ఒక్కొక్క ఎత్తును ఒక నెలగా కాక ఒక పక్షంగా, అనగా పదిహేను రోజులుగా తీసుకొనుట తెలుగు పంచాంగానికి కూడా అనుకూలం. ఆషాఢం నుండి భాద్రపదం వరకు గోదావరి, కృష్ణ దాటరానివిగా పటంలో గుర్తించవచ్చును.

== మేత, ధాన్యం ==

పటం మీద సేనకు హద్దు గీసేది శత్రువు కంటే ముందు తిండి. రోమను రచయిత ప్లినీ ఆంధ్రులకు ప్రాకారాలు గల 30 పట్టణాలు, 1,00,000 పదాతి, 2,000 అశ్వాలు, 1,000 ఏనుగులు ఉన్నట్లు వ్రాసినాడు. ఈ సంఖ్యలను యథాతథంగా పటం మీద పెడితే ఏమవుతుందో చూడవచ్చును.

* మనిషికి రోజుకు ఒక కిలో చొప్పున పదాతికి 100 టన్నుల ధాన్యం కావలెను.
* ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల చొప్పున 150 టన్నుల పచ్చిమేత కావలెను.
* గుర్రానికి గింజ, గడ్డి కలిపి పది కిలోల చొప్పున 20 టన్నులు కావలెను.
* ఒక పెరికె ఎద్దు 100 కిలోలు మోస్తుందనుకుంటే, ధాన్యం మాత్రమే మోయుటకు రోజుకు 1,000 ఎద్దులు కావలెను. పది రోజులకు 10,000 ఎద్దులు. వాటి మేత దీనికి అదనం.
* నలుగురేసి వరుసగా, వరుసకు ఒక మీటరు చొప్పున పదాతి నడచినచో సేన పొడవు 25 కి.మీ. అవుతుంది. ఇది ఒక రోజు నడక కంటే ఎక్కువ. మొదటివాడు కొత్త విడిదికి చేరే సమయానికి చివరివాడు పాత విడిదిని విడిచి ఉండడు.

కావున ప్లినీ చెప్పినది దేశం మొత్తం మీద ఉన్న బలమే గాని ఒక దారిన నడచే సేన కాదని పటం దానంతట అదే చూపుతుంది. ఆటలో ఒక దారిన ఒక పక్షంలో 10,000 మందికి మించి నడవరాదనే నియమం పెట్టుట సమంజసం. వారికి రోజుకు 10 టన్నుల ధాన్యం సరిపోతుంది. ప్రతి ప్రాంతానికి అది ఎన్ని రోజులు ఒక సేనను పోషించగలదో తెలిపే అంకె ఒకటి వ్రాసి, సేన ఆగిన కొలదీ దానిని తగ్గిస్తారు. కృష్ణా, గోదావరీ తీరాల వరి పొలాలకు పెద్ద అంకె, నల్లమల అడవికి సున్నకు దగ్గర అంకె ఇస్తారు.

== నేటి పటం నుండి ప్రాచీన పటం ==

సర్వే ఆఫ్ ఇండియా పటాలు నేల ఎత్తుపల్లాలకు మంచి ఆధారం. కాని వాటిని ఉన్నవి ఉన్నట్లు దించుకొనరాదు. నేడు కనబడే జలాశయాలు, కాలువలు, వంతెనలు చాలావరకు ఆధునికమైనవి. పటం తయారీలో ఈ క్రింది మార్పులు తప్పనిసరి.

* నాగార్జునకొండ నేటి పటంలో జలాశయం మధ్య ద్వీపం. ప్రాచీన పటంలో అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ. 1954-60 మధ్య తవ్వకాలు జరిగిన ఆ లోయ ఆ తరువాత నాగార్జునసాగర్ నీటిలో మునిగినది. పటంలో సాగరాన్ని చెరిపి లోయను తిరిగి గీయవలెను.
* ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, విజయవాడ ఆనకట్ట 1855లోను పూర్తయినవి. వాటి కాలువల వలన ఏర్పడిన డెల్టా స్వరూపం ప్రాచీన పటానికి చెందదు.
* టాలెమీ పేర్కొన్న కంటకోసిల రేవుగా గుర్తించబడిన ఘంటసాల నేడు సముద్రానికి దూరంగా లోపల ఉన్నది. రేవు పట్టణాన్ని రేవుగానే చూపవలెను.
* రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై మొదటి రైలు వంతెన 1900లో వచ్చినది. అంతకు ముందు నదిని దాటుట పడవల మీదనే. పడవకు 30 మంది, రాకపోకలకు రెండు గంటలు, 20 పడవలు అనుకుంటే గంటకు 300 మంది దాటుతారు. 10,000 మందికి 33 గంటలకు పైగా, అనగా పగటి వేళ పది గంటల చొప్పున మూడు రోజులకు పైగా పడుతుంది. ఆ మూడు రోజులూ సేన రెండు ముక్కలుగా ఉంటుంది. ఎదుటి పక్షం దాడికి ఇంతకంటె మంచి అదను దొరకదు.

== ఉదాహరణ: మలక్‌పేట నుండి మూసీ లోయ ==

మలక్‌పేట హైదరాబాదులో మూసీ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న ప్రాంతం. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేవకుడైన మాలిక్ యాకూబ్ పేరున ఈ పేట ఏర్పడినదని చెబుతారు. కనుక ప్రాచీన పటంలో ఆ పేరు ఉండదు. ఉండవలసినది నది, నదిని దాటే చోట్లు, సమీపంలో ఆధారాలు లభించిన నివాసాలు.

మలక్‌పేటకు తూర్పున కొద్ది దూరంలో, చైతన్యపురి వద్ద మూసీ ఒడ్డున ఉన్న గుట్టమీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఒక శాసనం ఉన్నది. క్రీ.శ. 4-5 శతాబ్దాలకు, విష్ణుకుండినుల కాలానికి చెందిన ఈ శాసనం గోవిందరాజ విహారాన్ని పేర్కొంటుంది. అనగా నేటి నగరం పుట్టుటకు వెయ్యేండ్లకు పైగా ముందే ఈ ఒడ్డున ఒక బౌద్ధ విహారం ఉన్నది. పటంలో ఇది మొదటి చుక్క.

ఇక్కడినుండి లోయ పటం ఈ విధంగా విస్తరిస్తుంది.

* కీసరగుట్ట: మలక్‌పేటకు ఈశాన్యంగా సూటిగా సుమారు 25 కి.మీ. విష్ణుకుండినుల కాలపు కట్టడాలు, కోట గోడలు బయల్పడిన చోటు. రెండు రోజుల నడక. మధ్యలో మూసీని దాటవలెను.
* ఇంద్రపాలనగరం: నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని తుమ్మలగూడెం. విష్ణుకుండినుల తామ్ర శాసనాలు లభించిన స్థలం.
* వాడపల్లి: మూసీ కృష్ణలో కలిసే చోటు. మలక్‌పేట నుండి సూటిగా సుమారు 145 కి.మీ. దారి వంకరలతో 175 కి.మీ., అనగా పన్నెండు రోజులు. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎగువకు విజయపురి, దిగువకు ధాన్యకటకం.
* ధాన్యకటకం: నేటి అమరావతి. వాడపల్లి నుండి దారిన సుమారు 90 కి.మీ., ఆరు రోజులు.

మలక్‌పేట పరిసరాల నుండి ధాన్యకటకానికి సుమారు పద్దెనిమిది రోజులు, అనగా ఆటలో ఒక పక్షానికి పైగా పడుతుంది. ఋతువు నియమం ఇక్కడ కూడా వర్తిస్తుంది. మూసీపై మొదటి వంతెన అయిన పురానాపూల్ 1578లో నిర్మించబడినది. అంతకు ముందు వేసవిలో కాలినడకన దాటే నది వానాకాలంలో ఎంత ప్రమాదకరం కాగలదో 1908 సెప్టెంబరు 28 నాటి వరద చూపినది. ఆ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల వలన నేటి మూసీ ప్రవాహం మారినది. నేటి సన్నని నదిని చూచి ప్రాచీన పటంలో దానిని వాగుగా గీయుట పొరపాటు.

== ఉదాహరణ: ఖారవేలుడు - ఒక అక్షరం తేడా ==

భువనేశ్వర్ సమీపంలోని ఉదయగిరిపై ఉన్న హాథీగుంఫా శాసనం కళింగ రాజు ఖారవేలుని చర్యలను ఏటేటా వివరిస్తుంది. రెండవ పాలనా సంవత్సరంలో ఆయన శాతకర్ణిని లెక్కచేయక అశ్వ, గజ, పదాతి, రథ దళాలను పడమటి దిక్కుకు పంపినట్లు, ఆ సేన కణ్హబెంణా నదిని చేరి ఒక నగరాన్ని భయపెట్టినట్లు అందులో ఉన్నది. ఆ నగరం పేరును కొందరు పండితులు ముసికనగరమని, మరికొందరు అసికనగరమని చదివినారు. శాసనం బాగా అరిగిపోయినందున ఈ తేడా వచ్చినది.

ముసికనగరమని చదివి, కణ్హబెంణా కృష్ణానదియే అనుకుంటే, ఆ సేన మూసీ లోయ దిక్కుకు వచ్చినట్లవుతుంది. కణ్హబెంణా అనగా విదర్భలోని కన్హాన్-వైన్‌గంగ అనుకుంటే, సేన మూసీకి వందల కిలోమీటర్ల ఉత్తరాననే ఆగినట్లవుతుంది. పటం మీద ఈ రెండింటినీ కొలిచి చూడవచ్చును. భువనేశ్వర్ నుండి వైన్‌గంగ తీరంలోని భండారాకు సూటిగా సుమారు 650 కి.మీ. దారిన 780 కి.మీ., 52 రోజులు. మూసీ-కృష్ణా సంగమానికి సూటిగా 760 కి.మీ. కాని సూటి దారిలో తూర్పు కనుమల అడవులు అడ్డు. తీరం వెంట దిగి, గోదావరి దాటి, కృష్ణ వెంట ఎగువకు వస్తే 900 కి.మీ.కు పైగా, 60 రోజులకు పైగా పడుతుంది.

మార్గశిరంలో బయలుదేరితే రెండు గమ్యాలకూ వెళ్ళి వానలకు ముందే తిరిగి రావచ్చును. కాబట్టి దూరం ఈ వివాదాన్ని తీర్చలేదు. దిక్కు మాత్రం కొంత చెబుతుంది. శాసనం పడమర అంటున్నది. మహానది లోయ వెంట వైన్‌గంగకు పోయే దారి పడమరగానే సాగుతుంది. తీరపు దారి నైరుతికి సాగుతుంది. పైగా తీరాంధ్రంలో ఉన్నదని పలువురు భావించే పిథుడ నగరం ప్రస్తావన శాసనంలో పదకొండవ సంవత్సరంలో గాని రాదు. ఇవి నిరూపణలు కావు, తూకంలో వేయదగిన సూచనలు మాత్రమే.

ఇటువంటి చోట పటం తయారీదారు ఏదో ఒక చదువును రహస్యంగా ఎంచుకొని దానిని స్థిరమైన చుక్కగా అచ్చువేయుట న్యాయం కాదు. రెండు చోట్లా ప్రశ్నార్థకం గల చుక్క పెట్టి, ఆట మొదట్లో మధ్యవర్తి పాచిక వేసి ఒకదానిని నిర్ణయించే పద్ధతి మేలు. శాతకర్ణి పక్షం వహించిన ఆటగానికి శత్రువు ఎటు వస్తున్నాడో తెలియని స్థితి కూడా దీనివలన సహజంగా ఏర్పడుతుంది.

== ఉదాహరణ: సముద్రగుప్తుడు - గెలుపు అనగా ఏమి ==

క్రీ.శ. 4వ శతాబ్దంలో హరిషేణుడు రచించిన ప్రయాగ స్తంభ శాసనం దక్షిణాపథంలో సముద్రగుప్తునికి లోబడిన పన్నెండుగురు రాజులను పేర్కొంటుంది. వారిలో పిష్టపుర మహేంద్రుడు, వేంగి హస్తివర్మ, కాంచి విష్ణుగోపుడు ఉన్నారు. పిష్టపురం నేటి పిఠాపురం. వేంగి నేటి ఏలూరు వద్ద గల పెదవేగి. హస్తివర్మ శాలంకాయన వంశీయుడు. ఈ మూడు చుక్కలు వివాదం లేనివి. పాలక్కను నెల్లూరు ప్రాంతంలోను, దేవరాష్ట్రాన్ని ఎలమంచిలి ప్రాంతంలోను పలువురు గుర్తిస్తారు.

ఎరండపల్ల విషయంలో భేదం పెద్దది. ఫ్లీట్ దీనిని పడమట ఖాందేశ్‌లోని ఎరండోల్‌గా భావించినాడు. ఆ లెక్కన సముద్రగుప్తుడు తూర్పు తీరాన వెళ్ళి పడమటి దక్కను మీదుగా తిరిగి వచ్చిన మహా వలయం ఏర్పడుతుంది. 1920లో వెలువడిన దక్కను ప్రాచీన చరిత్రలో జూవో-దుబ్రయ్ దీనిని తిరస్కరించి, ఈ స్థలాలను తూర్పు తీరంలోనే చూపినాడు. తూర్పు దక్కను రాజులు కూటమి కట్టి ఆయనను నిలువరించినందున వెనుదిరిగినాడని కూడా ప్రతిపాదించినాడు. ఒక్క ఊరి స్థానం మారితే విజయయాత్ర తిరోగమనంగా మారుతున్నది. విద్యార్థులు గమనించవలసిన ముఖ్యాంశం ఇది.

పటం ఈ చర్చకు మరొక ప్రశ్నను జోడిస్తుంది. సేన పాటలీపుత్రం నుండి బయలుదేరినదనుకుంటే కాంచికి సూటిగా సుమారు 1,500 కి.మీ. దారిన 1,800 కి.మీ. అవుతుంది. ఒక్క రోజు కూడా ఆగకుండా నడచినా 120 రోజులు పడుతుంది. మార్గశిరంలో బయలుదేరిన సేన చైత్రం నాటికి కాంచి చేరుతుంది. వెంటనే తిరిగినా ఇల్లు చేరుసరికి ఆషాఢం దాటుతుంది. దారిలో పన్నెండుగురు రాజులతో వ్యవహారం, గోదావరి, కృష్ణల దాటింపు కలిపితే ఒకే ఋతువులో ఈ యాత్ర పూర్తి కాదు. కావున సేన దక్షిణాన ఒక వానాకాలం గడిపి ఉండవలెను, లేదా యాత్ర ఒకటి కంటే ఎక్కువ సార్లు జరిగి ఉండవలెను, లేదా సేన అంతదూరం వెళ్ళకుండానే కాంచి రాజుతో ఎదురుపడి ఉండవలెను. ఆటగాడు ఈ మూడింటిలో ఒకదానిని ఎంచుకొనక తప్పదు.

శాసనం ఈ రాజుల పట్ల గ్రహణ, మోక్ష, అనుగ్రహాలను చెబుతుంది. అనగా పట్టుకొనుట, విడుచుట, దయచూపుట. వారి రాజ్యాలను కలుపుకొన్నట్లు చెప్పదు. కనుక ఈ దండయాత్ర పటంలో గెలిచిన ప్రాంతానికి గెలిచినవాని రంగు వేయుట తప్పు. ఉత్తరపు ఆటగానికి లోబడిన రాజుల సంఖ్యను బట్టి, అతని సేన క్షేమంగా తిరిగి చేరుటను బట్టి గెలుపు లెక్కించవలెను. దక్షిణపు ఆటగానికి వానాకాలం వరకు నిలువగలుగుటయే గెలుపు. పులిజూదంలో వలె ఇరుపక్షాల గెలుపు సూత్రాలు వేరు.

== తయారీ క్రమం ==

# కాలాన్ని ఒక తరానికి పరిమితం చేయవలెను. సాతవాహనుల పట్టణాలు, విష్ణుకుండినుల పట్టణాలు ఒకే పటంలో కలుపరాదు.
# మొదట నదులు, కొండలు, తీరం గీయవలెను. ఆధునిక జలాశయాలు, కాలువలు తొలగించవలెను.
# నది దాటే రేవులు, కొండ దాటే కనుమలు గుర్తించవలెను. తరువాతనే దారులు గీయవలెను.
# తవ్వకాలు, శాసనాల ఆధారం గల పట్టణాలకు నిండు చుక్క, గ్రంథాలలో మాత్రమే ఉన్నవాటికి ఖాళీ చుక్క, వివాదాస్పదమైన వాటికి ప్రశ్నార్థకం వాడవలెను.
# ప్రతి దారి మీద రోజుల సంఖ్య, ప్రతి ప్రాంతానికి మేత అంకె వ్రాయవలెను.
# ప్రతి చుక్కకు అక్కడి నేలను వివరించే చీటీ వ్రాయవలెను. రెండు సేనలు కలిసినపుడు ఆ చీటీని బట్టి బొమ్మల బల్లపై కొండ, చెరువు, పొలం అమర్చవలెను.
# మధ్యవర్తికి పూర్తి పటం, ఆటగాళ్ళకు తమకు తెలిసిన భాగం మాత్రమే గల పటం ఇవ్వవలెను.
# బొమ్మలు లేకుండా ఒక పూర్తి సంవత్సరాన్ని ఉత్తుత్తిగా నడిపి పరీక్షించవలెను. సేనలు ఎన్నడూ ఎదురుపడకపోతే దారులు ఎక్కువైనట్లు, ప్రతిసారీ ఒకేచోట ఎదురుపడితే తక్కువైనట్లు గ్రహించవలెను.

== పరిమితులు, విమర్శ ==

పటం మీద ఒక ప్రాంతపు మేత అంకె పది నుండి సున్నకు దిగుట ఆటలో ఒక పెన్సిలు గీత. నిజంలో అది ఆ ఊళ్ళ ధాన్యపు పాతరలు ఖాళీ అగుట. యుద్ధక్రీడలపై వచ్చే విమర్శలలో ప్రధానమైనది ఇదే. పటంలో సేనలు కనబడతాయి, వాటిని పోషించిన రైతులు కనబడరు.

ప్రాచీన భారతదేశంలో ఈ లెక్కను స్వయంగా విజేతయే రాయించిన ఉదాహరణ ఒకటి కలదు. అశోకుని 13వ శిలాశాసనం కళింగ యుద్ధంలో లక్షమంది హతులైనారని, లక్షా యాభైవేల మంది తరలించబడినారని, అనేక రెట్లు ఇతరత్రా మరణించినారని చెబుతుంది. కర్నూలు జిల్లాలోని ఎర్రగుడిలో ఈ శాసనం ఉన్నది. కళింగంలోని ధౌలి, జౌగడలలో మాత్రం దీనిని చెక్కించలేదు, దాని స్థానంలో వేరే శాసనాలు ఉన్నవి. ఓడిన దేశంలో చెప్పని సంఖ్యలను ఇతర చోట్ల చెప్పుట గమనార్హం.

కొందరు తయారీదారులు ఈ లోపాన్ని నియమాలలోనే సరిదిద్దుతారు. మేత అంకె సున్నకు చేరిన ప్రాంతం ఆ సంవత్సరమే కాక మరుసటి పంట వరకు కోలుకొనదు. అక్కడినుండి కప్పం రాదు, సైనికులు దొరకరు. దానిని గెలిచినవాడు ఖాళీ ఊళ్ళను గెలిచినట్లవుతుంది. ఈ ఒక్క నియమం వలన ఆటగాళ్ళు యుద్ధం కంటే సంధిని ఎక్కువగా ఆలోచిస్తారు. రాజ్యాన్ని కలుపుకొనక రాజును విడిచిపెట్టిన ప్రయాగ శాసనపు పద్ధతి వెనుక గల లెక్క కూడా అప్పుడు కొంత అర్థమవుతుంది.

== ఇవి కూడా చూడండి ==

* పులిజూదం
* చదరంగం
* మూసీ నది
* మలక్‌పేట
* విష్ణుకుండినులు
* శాలంకాయనులు
* ఖారవేలుడు
* సముద్రగుప్తుడు